తాళం వేసిన ఇంటి లెక్క ఎవరు రాస్తారు?

‘‘ఇంట్ల ఎవ్వరు లేరమ్మా... మల్లెప్పుడన్న రాండ్రి!’’

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే గుర్తులేదు. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే పనిలో పాతికేళ్ళు గడిచిపోయాయి నాకు. మా మెదక్ పట్టణంలో రాందాస్ చౌరస్తా నుంచి కోట కింది గల్లీల దాకా నేను తట్టని తలుపులు తక్కువే. భుజానికో సంచీ, చేతిలో ప్యాడు, పెన్ను. కనిపించగానే ఒకరు ‘‘జనాభా లెక్కలామె వచ్చింది’’ అంటారు. ఇంకొకరు ‘‘రేషన్ కార్డామె’’ అంటారు. పిల్లలైతే సూదులు వేసే నర్సమ్మ అనుకుని మంచం కింద దూరతారు.

తలుపు తీసి, కూచోమని, చెంబెడు మంచినీళ్ళిచ్చేవాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా తలుపు తియ్యనివాళ్ళతోనే! వాళ్ళని వదిలేస్తే ఏమవుతుంది? ముప్ఫై ఇళ్ళలో నాలుగు పోతే పోనీ, పక్కింట్లో రాసుకుంటే లెక్క సరిపోదా? మీకూ ఇలాగే అనిపిస్తోంది కదూ? మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

పక్కిల్లు రాసుకొచ్చాను!

నేను చేసిన మొదటి సర్వే ఆడవాళ్ళ పని మీద, పిల్లల చదువు మీద. చీటీలు తీసినట్టుగా ఎంపిక చేసిన ముప్ఫై ఇళ్ళ జాబితా నా చేతికిచ్చారు. అందులో పన్నెండో ఇంటికి తాళం. మొదటిరోజు పొద్దున పదింటికి వెళ్ళాను, తాళం. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను, అదే తాళం. ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటుంటే పక్కింటి పెద్దమ్మ జాలిపడింది.

‘‘ఆమె ఎప్పుడుంటదో ఎప్పుడుండదో బిడ్డా! ఏం పన్జెయ్యది గద, ఎటో తిరుగుతది. తల్లీ కొడుకు, ఇద్దరే ఉంటరు. మాది రాసుకో రాదు, చాయ్ తాగి పోదువు గాని.’’

చాయ్ తాగాను. ఆమె కోడలి వివరాలన్నీ రాసుకున్నాను. కోడలు ఇంటి దగ్గరే ఉంటుంది. ఇద్దరు పిల్లలూ బడికి పోతారు. కాగితం నిండింది, నా మనసూ నిండింది.

సాయంత్రం మా సూపర్‌వైజర్ మేడం కాగితాలు చూస్తూ పన్నెండో నంబరు దగ్గర ఆగారు. జాబితాలో పేరు ఒకటి, నా కాగితంలో పేరు ఇంకొకటి. జరిగింది చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. ఒక్కటే అడిగారు.

‘‘ఆవిడ పొద్దునా లేదు, మధ్యాహ్నమూ లేదు. ఎక్కడికి వెళ్ళి ఉంటుంది?’’

‘‘పనికేమో మేడం.’’

‘‘మరి మన సర్వే దేని మీద?’’

అంతే! నాకు నోట మాట రాలేదు. పని చేసే ఆడవాళ్ళెందరో తెలుసుకోవడానికి బయల్దేరి, పనికి వెళ్ళిందన్న కారణంతోనే ఒకామెని జాబితాలోంచి కొట్టేసి వచ్చాను.

మూడోసారి రాత్రి ఎనిమిదింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆమె పొద్దున ఆరింటికే షేరింగ్ ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని, తూప్రాన్ వైపు కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. తిరిగొచ్చేసరికి ఏడు దాటుతుంది. భర్త దుబాయి వెళ్ళి రెండేళ్ళు. పైసలూ లేవు, ఉత్తరమూ లేదు. ఇంట్లో ఉండేది ఇద్దరు కాదు, ముగ్గురు. పదకొండేళ్ళ పెద్దపిల్ల అయిదో తరగతితో బడి మానేసింది. తమ్ముణ్ణి ఎత్తుకుని ఊరి ఆ చివరనున్న అమ్మమ్మ ఇంటికి పోతుంది, పొద్దుగూకాక వస్తుంది.

అన్నీ చెప్పి ఆమె చివర్న ఒక మాటంది: ‘‘నా ఒక్కదాని కోసం మూడుసార్లొచ్చినవా అక్కా? నా గురించి అడుగుతందుకు ఇన్నొద్దులు ఎవ్వలు రాలే.’’

నేను రాసుకొచ్చిన పక్కింటి కాగితమే ఉండిపోతే? సంపాదించి ఇల్లు నడిపే ఒక మనిషి, బడి మానేసిన ఒక పిల్ల లెక్కలోంచి మాయమైపోయేవాళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే! పక్కింటి పెద్దమ్మ తనకు తెలిసింది చెప్పింది. నేను విన్నది రాశాను. తప్పంతా ఆ తాళం దగ్గర నేను ఆగిపోవడంలోనే ఉంది.

తాళం ఊరికే పడదు

ఈ సంగతి అర్థం కావడానికి చిన్న లెక్క వేసుకుందాం. పెద్ద లెక్కేం కాదు, పాల లెక్కంత సులువు.

ఒక వాడలో ముప్ఫై ఇళ్ళు, ఇంటికొక ఆడమనిషి అనుకోండి. ఇరవై నాలుగు ఇళ్ళ తలుపులు తీశారు. వాళ్ళలో ఆరుగురు సంపాదిస్తున్నారు. అంటే నూటికి 25 మంది. ఆరు ఇళ్ళకి తాళాలు. వాటిని వదిలేసి ‘ఈ వాడలో నూటికి 25 మంది ఆడవాళ్ళు పని చేస్తున్నారు’ అని రాసేశాం. ఇప్పుడు ఓపిగ్గా రాత్రిపూట వెళ్ళి ఆ ఆరుగురినీ కలిశాం. అయిదుగురు పనికి పోయేవాళ్ళే! అప్పుడు మొత్తం ముప్ఫై మందిలో పదకొండుగురు. నూటికి దాదాపు 37. చూశారా, ఆరు తాళాలు ఎంత తేడా తెచ్చాయో!

పోయిన ఇళ్ళూ దొరికిన ఇళ్ళలాంటివే అయితే ఏ బాధా లేదు. కానీ తాళాలు ఊరికే పడవు. కూలికి పోయే ఇంటికి పడతాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు లోపల గడియ పెట్టుకుని నిద్రపోతుంది. బతుకుతెరువుకి హైదరాబాద్ పోయి దసరాకి వచ్చే ఇల్లు ఏడాదంతా మూసే ఉంటుంది. పగలు పదకొండింటికి తలుపు తీసే ఇళ్ళనే లెక్కపెడితే ప్రతి ఊరూ గృహిణుల ఊరే అవుతుంది. ఆ కాగితాలు చూసి ‘ఇక్కడ పనికి పోయే ఆడవాళ్ళు తక్కువ’ అనుకుంటే, పిల్లల్ని చూసుకునే కేంద్రం అక్కర్లేదనీ, ఏడింటి బస్సు అక్కర్లేదనీ తేల్చేయొచ్చు కదా!

కోటిమందిని అడిగినా తప్పింది

ఎక్కువమందిని అడిగితే ఈ తప్పు సర్దుకుపోతుందనుకుంటే పొరపాటే. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ‘లిటరరీ డైజెస్ట్’ అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపి ఎవరికి ఓటేస్తారని అడిగింది. తిరిగి వచ్చినవి 20 లక్షలు దాటాయి. చిన్న సంఖ్యా అది? ఆ కార్డులు లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని చెప్పింది పత్రిక. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ళ జాబితాల నుంచి చిరునామాలు తీసుకోవడం ఒక తప్పు. జవాబు రాసి పంపినవాళ్ళే ఊరందరి తరఫునా మాట్లాడారనుకోవడం రెండో తప్పు. నలుగురికి పంపితే ముగ్గురు జవాబివ్వలేదు. ఆ ముగ్గురి మనసులో ఏముందో ఎవరూ అడగలేదు.

మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సిందే

అందుకే మంచి సర్వేలన్నిటికీ మొదటి సూత్రం ఒకటే: మళ్ళీ వెళ్ళు. వేరే పూట వెళ్ళు. పొద్దున లేకపోతే సాయంత్రం, పనిరోజు లేకపోతే ఆదివారం. మన దేశంలో 1992-93లో మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఒకసారి ఎంపికైన ఇంటికి బదులు ఇంకో ఇల్లు తీసుకోకూడదు. కనీసం మూడుసార్లు వెళ్ళాలి. అప్పటికీ దొరక్కపోతే ‘దొరకలేదు’ అనే రాయాలి. 2019-21లో జరిగిన అయిదో విడతలో నూటికి 98 ఇళ్ళు వివరాలిచ్చాయి. ఆడవాళ్ళలో నూటికి 97 మంది, మగవాళ్ళలో 92 మంది మాట్లాడారు. అంటే ఇక్కడ దొరకనివాళ్ళలో మగవాళ్ళ పాలే ఎక్కువ! పనుల మీద ఊళ్ళు తిరిగే మగవాళ్ళు మూడుసార్లు వెళ్ళినా దొరకడం కష్టం.

జాతీయ నమూనా సర్వేల పద్ధతి వేరు. అక్కడ ఇల్లు దొరక్కపోతే అదే తరహా ఇళ్ళ నుంచి ఇంకోటి తీసుకోనిస్తారు. కానీ ఎందుకు మార్చాల్సి వచ్చిందో రాయాలి. తీరిక లేదన్నారా, ఊళ్ళో లేరా, చెప్పనన్నారా, మరేదైనా కారణమా అని. అంతేగాని నాలా చాయ్ ఇచ్చిన ఇంటికి మారిపోవడం కుదరదు!

మరి పోయిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ మళ్ళీ తిరిగే డబ్బూ మనుషులూ లేకపోతే? హాన్సెన్, హర్విట్జ్ అనే ఇద్దరు అమెరికన్లు 1946లో ఓ ఉపాయం రాశారు. జవాబివ్వనివాళ్ళలో కొందరినే చీటీ తీసి ఎంచుకోండి. ఆ కొందరి దగ్గరికి మాత్రం పట్టుబట్టి వెళ్ళండి. మన లెక్కలో అయితే ఆరు తాళాల్లో రెండు ఇళ్ళకి చీటీ తీశామనుకోండి. ఒక్కో ఇల్లు మూడు ఇళ్ళ తరఫున మాట్లాడినట్టు. ఆ ఇద్దరూ పనికి పోయేవాళ్ళే అయితే ఆరుగురూ పోతున్నట్టు లెక్క. మొత్తం పన్నెండు మంది, నూటికి 40. అసలు నిజం 37కి ఇది దగ్గరే. ఇళ్ళే వదిలేసి 25 అని రాసుకోవడం కంటే ఎంత నయం! ఇలా ఒక ఇంటికి మూడిళ్ళ బరువు ఇవ్వడాన్ని సర్వేవాళ్ళు ‘వెయిటింగ్’ అంటారు. ఒక్క షరతు. ఆ రెండు ఇళ్ళనైనా నిజంగా కలవాలి. అసలెవర్నీ కలవకుండా ఇంట్లో కూచుని వేసే బరువు ఊరికే అంకెల గారడీ.

మన రాష్ట్రం నేర్పిన పాఠం

ఇదంతా ఎక్కడో జరిగే సంగతి కాదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు ఊరంతా సెలవు. ‘అందరూ ఇంట్లోనే ఉండండి’ అన్నారు. ముందురోజు బస్సులన్నీ కిటకిట. తాళాలే లేకుండా చెయ్యాలన్నది ఆ ఒక్కరోజు సర్వే ఉపాయం.

2024 నవంబరు 6న మొదలైన ఇంటింటి సర్వేది ఇంకో దారి. ముందు ఇళ్ళు గుర్తించి స్టిక్కర్లు అంటించారు. తర్వాత 75 ప్రశ్నల కాగితంతో వచ్చారు. ప్రైమరీ బళ్ళు ఒంటిపూట నడిపి, పంతుళ్ళూ పంతులమ్మలూ మిగతా పూట గల్లీలు తిరిగారు. 96.9 శాతం ఇళ్ళు పూర్తయ్యాయని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించింది. మిగిలిన 3.1 శాతం అంటే మూడున్నర లక్షలకు పైగా ఇళ్ళు. వాటిలో తాళాలున్నవి లక్షకు పైమాటే. వివరాలివ్వడానికి వెనకాడినవి అంతకంటే ఎక్కువ. వాళ్ళకోసం ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మరోసారి అవకాశమిచ్చారు. మిగిలింది ఎంతో చెప్పడం, ఎందుకు మిగిలిందో చెప్పడం, మళ్ళీ తలుపు తట్టడం... ఈ మూడూ ఏ సర్వేకైనా కావాల్సినవే.

తలుపు తీశారు... నోరు విప్పలేదు

అన్ని తాళాలూ తలుపులకే ఉండవు. ‘‘ఎన్నిసార్లు రాసుకపోతరు? పోయినేడు గూడ రాసుకపోయిండ్రు, ఏమిచ్చిండ్రు?’’ అని గుమ్మంలోనే నిలేస్తారు కొందరు. రేషన్ కార్డు తీసేస్తారనో, పన్ను వేస్తారనో భయం ఇంకొందరికి. ఇలాంటప్పుడు వాదనకి దిగితే పని చెడుతుంది. ‘‘మీరు చెప్పింది నిజమే పెద్దమ్మా’’ అని ఒప్పుకుని, ఎందుకొచ్చానో చెప్పి, కార్డు చూపించి, ‘‘రేపు రమ్మంటే వస్తా’’ అని లేచి వచ్చేయడమే మంచిది. కొన్నిసార్లు నేను కాదు, ఇంకొకరు వెళ్తే మాట్లాడతారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళకి మాలో ఉర్దూ వచ్చిన అమ్మాయి వెళ్ళి ‘‘ఆపా’’ అని పిలిస్తే తలుపు సగం తెరుచుకున్నట్టే. అప్పటికీ వద్దంటే వద్దనే రాసుకోవాలి. బలవంతాన చెప్పించిన జవాబు జవాబే కాదు.

ఇక అన్నీ చెప్పి ఒకటి రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోయేవాళ్ళు. జీతమెంత, బంగారమెంత, అప్పులెంత? ఒక్కోసారి మొగుడి పేరు కూడా! మన దగ్గర పెద్దవాళ్ళు పేరు చెప్పకుండా ‘‘మా ఇంటాయన’’ అనేవారు కదా. మీకో విచిత్రం చెప్పనా? 1948 జనగణన చట్టంలోనే దీనికి మినహాయింపు రాశారు. ఏ స్త్రీ అయినా తన భర్త పేరు చెప్పనక్కర్లేదని, ఇంట్లోని ఆడవాళ్ళ పేర్లు చెప్పమని ఎవర్నీ నిర్బంధించకూడదని. మన మొహమాటం చట్టానికి కూడా తెలుసన్నమాట!

అన్నిటికంటే కష్టమైంది వేరే ఉంది. కోడల్ని అడుగుతుంటే అత్త జవాబు చెబుతుంది. ‘‘ఏం పన్జేస్తవమ్మా?’’ అంటే, ‘‘ఏం లేదు, ఇంట్లనే’’ అని లోపల్నుంచి వినిపిస్తుంది. ఆ కోడలి ఒళ్ళో బీడీల చాట ఉంటుంది! రోజంతా చుట్టే బీడీలు ఇంట్లోవాళ్ళ కంటికే పనిగా ఆనకపోతే నా కాగితంలోకి ఎలా వస్తాయి? అందుకే ‘పని చేస్తారా?’ అని ఒక్కమాటతో సరిపెట్టకుండా ‘‘బీడీలు చుడతరా, మిషిన్ కుడతరా, పాలు అమ్ముతరా?’’ అని విడివిడిగా అడగడం నేర్చుకున్నాను. జవాబు చెప్పాల్సిన మనిషినే అడగడం నేర్చుకున్నాను.

కొన్ని ప్రశ్నలకి నాలుగు గోడలు కావాలి. ఇంట్లో కొడతారా అన్న ప్రశ్న కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. ఇంటికొక్క మహిళనే, ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఎవరైనా పక్కనుంటే ఆ ప్రశ్నే అడగకూడదు. మనం వచ్చేశాక ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమే కదా! ఖాళీగా వదిలిన గడి సిగ్గుపడాల్సిందేం కాదు. ఊహించి నింపిన గడికే సిగ్గుపడాలి.

ఆరోజు నేనూ తడబడ్డాను

ఇన్ని కబుర్లు చెప్పే నేను 2024 సర్వేలో ఏం చేశానో తెలుసా? మొదటిసారి పంతులమ్మ వచ్చినప్పుడు మా ఇంటికి తాళం! హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. తిరిగొచ్చేసరికి తలుపు మీద స్టిక్కరు నన్ను చూసి నవ్వుతున్నట్టనిపించింది. ‘‘మీరు ఊళ్ళ లేరని చెప్పిన్నక్కా’’ అంది ఎదురింటి ఆమె.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. పొద్దున బళ్ళో పాఠాలు చెప్పి వచ్చినట్టుంది, చీర కొంగుకి సుద్దపొడి. కూచోబెట్టి మంచినీళ్ళిచ్చాను. అన్నీ గబగబా చెప్పాను. ఆదాయం దగ్గరికి వచ్చేసరికి... ఆగిపోయాను! పాతికేళ్ళుగా ఊరందర్నీ అడిగిన ప్రశ్నే. నన్నడిగితే గొంతులో ఏదో అడ్డం పడింది. ఎంత చెబితే ఏమనుకుంటుందో, ఎవరితో అంటుందోనని. ఆ పిల్ల తొందరపెట్టలేదు. పెన్ను మూసి ఒళ్ళో పెట్టుకుని, ‘‘ఇష్టమైతేనే చెప్పండమ్మా’’ అంది. చెప్పేశాను. అప్పుడర్థమైంది, ఇన్నేళ్ళూ అవతల కూచున్నవాళ్ళకి ఎలా ఉండేదో.

ఇప్పుడు మళ్ళీ దేశమంతా జనగణన. జనాభా లెక్కకి 2027 మార్చి 1ని ప్రామాణికంగా తీసుకుంటామని 2025 జూన్‌లోనే ప్రకటించారు. ఎవరో ఒకరు మీ తలుపూ తడతారు. ఆ సమయానికి మీరు పనిలో ఉండొచ్చు, నిద్రలో ఉండొచ్చు, చిరాకులోనూ ఉండొచ్చు. మళ్ళీ రమ్మనండి, తప్పులేదు. కానీ మీ జవాబు పక్కింటివాళ్ళకి వదలకండి. మీ సంగతి మీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఆనాడు తూప్రాన్ బస్సెక్కే ఆమె పేరు నా కాగితంలో లేదు, ఒక నంబరు మాత్రమే ఉంది. అయినా ఆ నంబరు వెనక ఆమె ఉంది, బడి మానేసిన పిల్ల ఉంది. మూడోసారి వెళ్ళకపోతే ఇద్దరూ ఉండేవారు కాదు.

మీ తలుపు తడితే...

* ముందు గుర్తింపు కార్డు చూపించమనండి. ఏ సర్వే, ఎవరి తరఫున, ఎందుకు అని అడగండి. అది మీ హక్కు.

* తీరిక లేకపోతే ‘లేదు పో’ అనకుండా, ఏ పూట వస్తే దొరుకుతారో చెప్పండి.

* బ్యాంకు ఓటీపీ, ఏటీఎం పిన్ ఇంటికొచ్చే ఏ సర్వేకీ అక్కర్లేదు. అడిగితే అనుమానించాల్సిందే.

* ఇంట్లో చేసే కుట్టుపని, బీడీలు, పాడి, పొలంపని... అన్నీ పనులే. ‘ఏం పని లేదు’ అనకండి.

* కోడలి జవాబు కోడల్నే చెప్పనివ్వండి అత్తగారూ!

* పక్కింటికి తాళం ఉంటే వాళ్ళ వివరాలు మీరు చెప్పకండి. ఎప్పుడొస్తారో మాత్రం చెప్పండి.